పుండు మానడం వేరు, పులిపిరి పోవడం వేరు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. చెరువులు లీజుకు తీసుకుని వనామి రొయ్యలు వేస్తున్నాను. కుడి అరికాల్లో రెండు గట్టి కాయలు వస్తే ఆనెకాయలు అనుకుని ఏడాది పాటు కార్న్ ప్లాస్టర్లు వేశాను, బ్లేడుతో చెక్కుకున్నాను. పోలేదు. చివరికి నెల్లూరులో స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే ఇవి ఆనెలు కావు, వైరస్ వల్ల వచ్చిన పులిపిర్లు అని చెప్పి, మత్తు సూది వేసి కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో తీసేశారు. అక్టోబరు మధ్యలో జరిగింది, పదిహేను రోజులు దాటింది. ఇంకా గుంత అట్లాగే ఉంది. లోపల పసుప్పచ్చ పొర కట్టింది, తడిగా ఉంటోంది. కాలు మోపితే సలుపు. పనివాళ్ల మీద వదిలేస్తే మేత లెక్క తప్పుతుందని కాలికి పాలిథిన్ కవర్ కట్టుకుని చెరువు మీదికి పోతున్నాను. అమ్మ పుండు మీద పసుపు పెడుతోంది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు, చేపలు, గుడ్లు అన్నీ మాన్పించింది. ఇప్పుడు గుంత పక్కన చిన్న నల్ల చుక్క కనబడుతోంది. లేజర్ ఫెయిలైందా? మా పాపకు ఏడేళ్లు, తనకు అంటుకుంటుందా? నాకు షుగర్ బార్డర్‌లో ఉందని ఆ మధ్య చెప్పారు. అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఏమిటంటే, రెండేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాను. ఈసారి మూడో ఏడు, గంట స్వామిని. చెప్పుల్లేకుండా నడవొచ్చా?

సమాధానం: లేజర్ ఫెయిలైందని ఇప్పుడే అనలేం. అలా తేల్చే సమయం ఇంకా రాలేదు. మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. లేజర్ చేసిన పుండు మానడం ఒకటి, పులిపిరి పోవడం ఇంకొకటి. మొదటిది వారాల పని, రెండోది నెలల పని. పుండు ఆలస్యమైతే పులిపిరి తిరగబెట్టిందనీ, పుండు మానితే పులిపిరి పీడ విరగడైందనీ అనుకుంటారు. రెండూ నిజం కాదు. కాబట్టి ముందు పుండు సంగతి చూద్దాం.

ఈ లేజర్ కాంతిని కణాల్లోని నీరు పీల్చుకుంటుంది. నీరు ఒక్కసారిగా ఆవిరైపోవడంతో పులిపిరి పొర తర్వాత పొరగా కాలిపోతుంది. అంటే మీ కాల్లో ఉన్నది కోత కాదు, కాలిన గుంత. కోతకైతే రెండంచులనూ కుట్టి కలపొచ్చు. ఈ గుంత అడుగు నుంచి పూడుతూ, అంచుల నుంచి చర్మం లోపలికి జరుగుతూ రావాలి. అదీ ఒంట్లో అన్నిటికంటే మందమైన చర్మం ఉన్నచోట, వేసే ప్రతి అడుగుకీ ఒళ్లంతా బరువు మోపేచోట. చెయ్యి మీద పది పదిహేను రోజుల్లో మానేది అరికాల్లో మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు తీసుకుంటుంది. పదిహేనో రోజున గుంత ఉండటంలో వింత లేదు.

ఆ పసుప్పచ్చ పొర కూడా చాలావరకు చీము కాదు. పుండు నుంచి ఊరే రసి, అందులోని మాంసకృత్తులు కలిసి అలా పొర కడతాయి. దాన్ని గోరుతోనో దూదితోనో గీకి తీసేయకండి. గీకిన ప్రతిసారీ కింద అప్పుడే పుడుతున్న చర్మం కూడా లేచిపోతుంది. చీమైతే చిక్కగా ఉంటుంది, వాసన వస్తుంది. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంటుంది, నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పెరుగుతుంది. ఎరుపు పాదం పైకి పాకినా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా ఉత్తరాలు రాస్తూ కూర్చోకండి, ఆ రోజే లేజర్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కట్టు గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ పుండ్లు ఇక్కడే చెడిపోతాయి. రోజుకోసారి పాత కట్టు విప్పండి. అంటుకుని ఉంటే లాగొద్దు, కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి రెండు నిమిషాలు ఆగితే దానంతట అదే వదులుతుంది. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి తాగే నీళ్లే వాడండి. చేతులు కడుక్కుని, మామూలు సబ్బు నురగతో పుండు చుట్టూ మెల్లగా కడిగి, నీళ్లు ధారగా పోయండి. శుభ్రమైన గాజుగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. తర్వాత డాక్టర్ రాసిచ్చిన ఆయింట్‌మెంట్, అది అయిపోతే తెల్ల వ్యాజలిన్, పల్చగా. దాని మీద అంటుకోని పారాఫిన్ గాజుగుడ్డ, ఆపైన మామూలు గాజుగుడ్డ, చివర కాగితం టేపు. మెడికల్ షాపులో ఇవన్నీ ఇదే పేర్లతో అడిగితే ఇస్తారు. విప్పినప్పుడు పుండు అంచులు తెల్లగా నాని ఉంటే కట్టు ఎక్కువ తడిసిందని అర్థం. అలాంటప్పుడు రోజుకు రెండుసార్లు మార్చండి. డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుండులో పోయకండి. అవి క్రిములతో పాటు కొత్త కణాల్నీ చంపుతాయి. పుండు మీద చల్లే యాంటీబయాటిక్ పొడి కూడా వద్దు. అది రసితో కలిసి పెచ్చు కట్టి, రసిని కిందే ఆపేస్తుంది.

'గాలి తగిలి ఎండితేనే పుండు మానుతుంది' అన్న మాట మన ఇళ్లలో బాగా నాటుకుపోయింది. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, గాలికి ఎండబెట్టిన గాయాల కంటే తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు వేగంగా పరుచుకుంది. పక్కు కడితే చర్మం దాని కింద దారి వెతుక్కుంటూ పాకాలి, చెమ్మగా ఉంటే సాఫీగా జరిగిపోతుంది. చెమ్మ అంటే కట్టు కింద వ్యాజలిన్ ఇచ్చే చెమ్మ మాత్రమే. చెరువు నీళ్లూ, కవర్లో పట్టే చెమటా కావు.

అమ్మగారు పసుపు పెట్టడం ప్రేమతోనే. కానీ వంటింటి పసుపు క్రిముల్లేకుండా శుద్ధి చేసింది కాదు. పైగా పుండంతా పసుప్పచ్చగా అయిపోతే ఏది చీమో, ఏది పొరో, ఏది పసుపో డాక్టర్ కూడా చెప్పలేరు. ఈ మాట అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి. పుండు మానాలన్న ఆమె కోరికకు కూరలో వేసే పసుపు చాలు.

పథ్యం విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. గుంత పూడటానికి ఒంటికి కావలసింది మాంసకృత్తులే, మీరు మానేసింది సరిగ్గా వాటినే. పప్పు, గుడ్డు, చేపల పులుసు, పెరుగు ఈ రోజు నుంచే తినండి. మాల వేసుకున్నాక చేప, గుడ్డు ఉండవు కాబట్టి అప్పుడు పప్పు, పెరుగు, వేరుశనగలు, శనగలు ఎక్కువగా తీసుకోండి. ఉసిరి, జామ లాంటివి విటమిన్ సి కోసం మంచివి. సిగరెట్ అలవాటు ఉంటే మాల దాకా ఆగొద్దు, దీక్షలో ఆ నియమాన్ని ఇప్పుడే మొదలుపెట్టండి. పొగ వల్ల చర్మానికి వెళ్లే సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోయి పుండు ఆలస్యమవుతుంది.

ఇక చెరువు. ఇక్కడ మీతో బేరం ఆడను. పుండు పూర్తిగా మూసుకునేదాకా ఆ కాలు చెరువు నీళ్లలో పడకూడదు. కవర్ నమ్మకండి. పైనుంచి నీళ్లు దిగుతాయి, లోపల చెమట పడుతుంది, రెండూ కలిసి పుండును నానబెడతాయి. విబ్రియో అనే బ్యాక్టీరియా అంటే ఏమిటో రొయ్యల రైతుకు నేను చెప్పక్కర్లేదు. రొయ్యల్ని దెబ్బతీసే ఆ విబ్రియోల జాతిలోనే, వెచ్చటి ఉప్పునీళ్లలో బతికే విబ్రియో వల్నిఫికస్ అనేది ఒకటుంది. అది తెరిచిన పుండు ద్వారా మనిషి ఒంట్లోకి దూరుతుంది. అరుదే, కానీ వస్తే గంటల్లో కాలు వాచి, రంగు మారి, నీటి బొబ్బలు లేచి ప్రాణం మీదికి తెస్తుంది. లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. మీకు షుగర్ బార్డర్ అన్నారు.

మేత లెక్క తప్పకుండా చూసుకోవడానికి నీళ్లలో దిగనవసరం లేదు. పొడి గట్టు మీద కుర్చీ వేసుకుని మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రేలు మీ దగ్గరికి తెప్పించుకుని చూడండి. మేత బస్తాల లెక్క, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల టైమింగులు కూర్చునే చూసుకోవచ్చు. నవంబరు వానలకు మన వైపు గట్లన్నీ బురదే కాబట్టి అసలు వెళ్లకుండా ఉంటేనే మేలు. ఒకవేళ కాలు జారి నీళ్లలో పడితే వెంటనే మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడిగి కొత్త కట్టు కట్టండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, చలిజ్వరం వచ్చినా ఏ వేళైనా సరే పెద్దాసుపత్రికి వెళ్లి, 'రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పుండుకు తగిలాయి' అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాట మీద డాక్టర్ వాడే యాంటీబయాటిక్ మారుతుంది. టీటీ సూది వేయించుకుని అయిదేళ్లు దాటి ఉంటే ఈ వారమే వేయించుకోండి.

షుగర్ 'బార్డర్' అనే మాటను కూడా అక్కడే వదిలేయకండి. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) పరీక్ష చేయించండి. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే బార్డర్. 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ వ్యాధి కిందే లెక్క, దానికి మందు మొదలైతేనే పుండు దారిలోకి వస్తుంది. అరికాల్లో స్పర్శ సరిగా ఉందో లేదో కూడా డాక్టర్‌తో చూపించుకోండి. మీకు నొప్పి తెలుస్తోంది, అది మంచి గుర్తు.

నొప్పికి 650 పారాసిటమాల్ ఆరు గంటల ఎడంతో వేసుకోవచ్చు, రోజుకు నాలుగు దాటొద్దు, లివర్ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడగకుండా వద్దు. మాత్ర కంటే బరువు తగ్గించడం ఎక్కువ పని చేస్తుంది. మెత్తటి ఫెల్ట్ ముక్క మధ్యలో పుండు కంటే కాస్త పెద్ద రంధ్రం కత్తిరించి, పుండు ఆ రంధ్రంలో ఉండేలా చుట్టూ అతికించండి. అప్పుడు బరువు పక్క చర్మం మీద పడుతుంది. షుగర్ వాళ్లకు అమ్మే ఎమ్‌సీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అట్టవి), వెనక పట్టీ ఉన్నవి, ఒక జత తీసుకోండి. కాలి పక్క అంచు మీద కుంటుతూ నడవొద్దు, పుండు మానేలోపు మోకాలు, నడుము పట్టేస్తాయి. ఇంట్లో కూర్చున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి, సలుపు సగం అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు నల్ల చుక్క. అది రెండింటిలో ఏదైనా కావచ్చు. లేజర్ వేడికి, నడకలో నలుగుడికి చర్మం కింద గడ్డకట్టిన చుక్క రక్తం అయితే, కొద్ది వారాల్లో చర్మంతో పాటు పైకి జరిగి రాలిపోతుంది. కొత్త పులిపిరి అయితే దాని లోపల కూడా నల్ల చుక్కలే కనబడతాయి, ఎందుకంటే పులిపిరికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు మూసుకుపోయి అలా నల్లబడతాయి. జనం వాటిని వేర్లు అంటారు, వేర్లను పెకిలించాలని బ్లేడు పడతారు. పులిపిరికి వేర్లు లేవు. వైరస్ చర్మం పైపొరలోనే బతుకుతుంది. తేడా పట్టడానికి ఒక గుర్తు ఉంది. అరికాలి మీద వేలిముద్రల్లాంటి గీతలుంటాయి. మంచి వెలుతురులో చూడండి. గీతలు ఆ చుక్క మీదుగా తెగకుండా పోతుంటే అది మామూలు చర్మం. గీతలు చుక్క దగ్గర ఆగి, దాన్ని చుట్టి పక్కకు తప్పుకుంటే పులిపిరి అని అనుమానించాలి. అటూ ఇటూ వేళ్లతో నొక్కి పిండితే పులిపిరి ఎక్కువ నొప్పి పెడుతుంది, ఆనెకాయ నేరుగా అదిమితే నొప్పి పెడుతుంది. ఏడాది కిందట ఈ గుర్తులు ఎవరైనా మీకు చెప్పి ఉంటే అన్ని కార్న్ ప్లాస్టర్ల ఖర్చు తప్పేది.

పులిపిరే అయితే? డాక్టర్ మోసం చేసినట్టు కాదు, లేజర్ చెడ్డదీ కాదు. ఈ వైరస్‌ను హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటారు, 200కు పైగా రకాలున్నాయి. లేజర్ కంటికి కనిపించే పులిపిరిని కాల్చగలదు గానీ, చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో దాక్కున్న వైరస్‌ను చూడలేదు. మీరు చెరువు ఎండగట్టి, బ్లీచింగ్ చల్లి, కొత్త పిల్ల వేసినా పక్క కాలువ నీళ్లతో రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ జబ్బు మళ్లీ రావడం లాంటిదే ఇది. తిరగబెట్టేవి చాలావరకు మొదటి మూడు నెలల్లోనే బయటపడతాయి. అందుకని పుండు మానాక కూడా నెలకోసారి, ఆరు నెలల పాటు పాదం పరీక్షగా చూసుకోండి. చిన్నగా ఉండగానే చూపిస్తే శాలిసిలిక్ యాసిడ్ మందుతోనో, అతి చల్లదనంతో గడ్డకట్టించే చికిత్సతోనో పోగొట్టడానికి ఎక్కువ అవకాశం ఉంటుంది, మళ్లీ పెద్ద గుంత అవసరం రాదు. ఆ యాసిడ్ మందులు తెరిచిన పుండు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. మీ ఇంట్లో ఇంకా మిగిలిన కార్న్ ప్లాస్టర్లలో ఉండేదీ అదే మందు, వాటిని తీసి పారేయండి. బ్లేడు సంగతీ అంతే. మీరు చెక్కుకున్న ప్రతిసారీ వైరస్‌ను పక్క చర్మంలోకి నాటి ఉండొచ్చు.

క్యాన్సర్ భయం మీరు రాయలేదు గానీ, ఆ వైరస్ పేరు ఫోన్లో వెతికితే మొదట కనబడేది అదే, కాబట్టి చెబుతున్నాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు. అరికాలి పులిపిర్లు తెచ్చేవి 1, 2, 4, 27, 57 లాంటి రకాలు. ఆ భయం పెట్టుకోకండి.

పాప విషయం. అంటుకోవచ్చు, కానీ మీరు దగ్గరికి తీసుకుంటేనో, పక్కన పడుకోబెట్టుకుంటేనో కాదు. తడిసిన నేల, తడిసిన చెప్పులు, ఒకే తువ్వాలు, మడమలు రుద్దే ఒకే రాయి, వీటి ద్వారా అంటుకుంటుంది. మీ చెప్పులు, తువ్వాలు, సాక్సులు, రాయి మీకే విడిగా ఉంచుకోండి. బాత్‌రూమ్‌లో మీరు చెప్పులతోనే స్నానం చేయండి, పాపకూ చిన్న జత కొనండి. కట్టు మార్చిన గుడ్డలు కవర్లో కట్టి పారేసి చేతులు కడుక్కోండి. వైరస్ ఒంట్లోకి చేరాక పులిపిరి కనబడటానికి నెలలు పట్టొచ్చు కాబట్టి అప్పుడప్పుడూ పాప కాళ్లూ, చేతులూ చూస్తుండండి. ఒకవేళ వచ్చినా కంగారు వద్దు. పిల్లల్లో చాలావరకు పులిపిర్లు రెండేళ్లలోపు వాటంతట అవే పోతాయి. అందుకే చిన్నపిల్లలకు నొప్పి పెట్టే చికిత్సలకు తొందరపడం. సున్నం, సోడా, జీడి రసం మాత్రం ఎవరు చెప్పినా ఆ లేత చర్మానికి పెట్టనివ్వకండి. చర్మం కాలి మచ్చ మిగులుతుంది.

మాల గురించి చివర్లో అడిగారు, మీ మనసంతా అక్కడే ఉందని తెలుస్తోంది. నవంబరు మధ్యలో మండల కాలం (శబరిమలలో 41 రోజుల దీక్షా కాలం) మొదలయ్యేనాటికి మీ పుండుకు నాలుగు వారాలు. అప్పటికి పైన చర్మం కప్పుకున్నా అది లేతగా ఉంటుంది. ఆ పాదంతో వానకాలపు రోడ్ల మీద, బురదలో, గుడి దగ్గర నలుగురూ స్నానాలు చేసిన తడి నేల మీద వట్టి కాళ్లతో తిరగడానికి నేను ఒప్పుకోలేను. అయితే దారి లేకపోలేదు. డిసెంబరు 4 ప్రాంతంలో మాల వేసుకుంటే 41 రోజులు శబరిమల మకరవిళక్కు పండుగ నాటికి, అంటే జనవరి 14 దగ్గరికి పూర్తవుతాయి. డిసెంబరు 4 నాటికి పుండు ఏడు వారాలకు చేరుతుంది. అప్పుడు మూడు విషయాలు చూసుకోండి. కట్టు తీసి రెండు రోజులైనా గుడ్డకు తడి అంటకూడదు, బొటనవేలితో అదిమితే నొప్పి ఉండకూడదు, చర్మం మీద గీతలు మళ్లీ కనబడుతుండాలి. మూడూ ఉండి, హెచ్‌బీఏ1సీ సరిగా ఉండి, లేజర్ చేసిన డాక్టర్ చూసి సరే అంటే మాల వేసుకోండి. యాత్రలో ఎరుమేలి అడవి దారి ఈసారికి వద్దు, పంబ నుంచే ఎక్కండి. రోజూ రాత్రి పాదం కడిగి తుడిచి వ్యాజలిన్ రాసి, పగుళ్లు లేకుండా చూసుకోండి. చన్నీటి స్నానానికి అభ్యంతరం లేదు, వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకుంటే చాలు.

అప్పటికీ మానకపోతే రెండు మార్గాలున్నాయి. ఒకటి, మీ గురుస్వామి అనుమతితో చెప్పులు వేసుకుని దీక్ష చేయడం. ఆరోగ్యం బాగోలేనివాళ్లకు గురుస్వాములు ఈ సడలింపు ఇవ్వడం నాకు తెలుసు. రెండోది, వాయిదా. శబరిమల గుడి ప్రతి మలయాళ మాసం మొదట్లో అయిదు రోజులు తెరుస్తారు, ఏప్రిల్‌లో మలయాళీల విషు పండుగకీ తెరుస్తారు. ఏది చేసినా గురుస్వామిని ఈ వారంలోనే కలిసి, కట్టు విప్పి పాదం చూపించి మాట్లాడండి. ఇరుముడి కట్టే రోజుదాకా దాచిపెట్టకండి.